వేళ్ళ గుంటలు

ఆ ఏడు వానాకాలమంతా మా ఇంట్లో ఒక కాలి గురించి తప్ప ఇంకో మాట లేదు. పొద్దున లేస్తే అదెంతుంది, పొద్దుగూకేసరికి ఎంతైంది. పరీక్షలు రాసే పిల్లల గురించి కూడా ఏ ఇంట్లోనూ అంతగా మాట్లాడుకుని ఉండరు.

మా అబ్బాయి లిఫ్టులు బాగుచేసే మెకానిక్. వానలు పట్టిన మొదటి వారంలోనే, ఒక పెద్ద భవనంలో లిఫ్టు పైకప్పు మీద నిలబడి పనిచేస్తూ, కాలు జారి అడుగునున్న గోతిలో పడ్డాడు. ఎడమ కాలు చీలమండ దగ్గర ఎముక ముక్కలైంది. ఆసుపత్రిలో మోకాలి కింద రెండు, మడమలో ఒకటి మేకుల్లాంటివి దించి, వాటిని బయట ఉక్కు కమ్మీలతో బిగించారు. ఆరో రోజున ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అసలు ఆపరేషన్ అప్పుడే కాదట.

"కాలు చూశారా, ఎలా మెరుస్తోందో," అన్నాడు సర్జన్. "ఈ చర్మం మీద కత్తి పెడితే మళ్ళీ మూసుకోదు. ముందు వాపు దిగాలి. పాదం మీద చర్మాన్ని ఇలా దగ్గరికి తోస్తే ముడత పడాలి. ముడత పడ్డ రోజున తీసుకురండి, ప్లేట్లు వేసేస్తాను."

"ఎన్నాళ్ళకి పడుతుందండీ?" అంది కోడలు.

"అది నేను చెప్పలేను, కాలు చెప్పాలి. కానీ దెబ్బ తగిలిన రోజు నుంచి మూడు వారాలు దాటకూడదు. దాటితే ఎముకలు వాటికి తోచినట్టు అతుక్కుంటాయి. తర్వాత నేను ఎంత సరిచేసినా నడక కుదరదు. లిఫ్టుల పని మర్చిపోవాలి."

నాకది వెంటనే అర్థమైంది. నలభై ఏళ్ళు మిషను తొక్కిన దాన్ని. బిగదీసిన బట్టకి కుట్టు వేస్తే పక్కనే చిరుగుతుంది. కొంచెం వదులుంటేనే దారం పట్టుకుంటుంది. మా వాడి కాలికి ఆ వదులు రావాలి. అప్పటికే ఆరు రోజులు పోయాయి, పదిహేను మిగిలాయి.

మాది మొదటి అంతస్తులో రెండు గదుల వాటా. ముందు గదిలో కిటికీ పక్కన వాడి మంచం వేశాం. నాలుగు దిండ్లు, వాటి మీద మడతపెట్టిన బొంత, దాని మీద కాలు. గుండె కంటే ఎత్తులో ఉండాలన్నారు. దుప్పటి కప్పితే కమ్మీలు పైకి లేచి, మంచం మీద ఇంకెవరో మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నట్టు కనపడేది. నాకది నచ్చక దుప్పటి తీసేసేదాన్ని. వాడు చలి అని మళ్ళీ లాక్కునేవాడు.

రెండు రోజులకోసారి ఫిజియోథెరపిస్టు అమ్మాయి వచ్చేది. వస్తూనే "ఐసు పెట్టారా?" అని అడిగేది కాబట్టి మా వాడు ఆవిడకి ఐసమ్మ అని పేరు పెట్టాడు. మొదటి రోజే ఒక కాగితం మీద చేయవలసినవి రాసి బీరువా తలుపుకి అతికించింది. ఐసుముక్కలు గుడ్డలో చుట్టి ఇరవై నిమిషాలు పెట్టాలి. గంటకోసారి కాలి వేళ్ళు ఆడించాలి. పొద్దున, సాయంత్రం టేపుతో పిక్క చుట్టుకొలత తీసి రాయాలి. ఆఖర్న కింద గీత గీసి, కాలిని ఎక్కడా పిసకకూడదు, రుద్దకూడదు అని రాసింది. నాకు దొరికిన కాగితమల్లా చదవడం అలవాటు. ఆ కాగితాన్ని రోజుకి పదిసార్లు చదివేదాన్ని.

ఐసమ్మే నాకు గుంట చూడ్డం కూడా నేర్పింది. మోకాలి కింది ఎముక మీద బొటనవేలితో మెత్తగా ఒక్కసారి అదిమి తీసింది. వేలు దిగినంత లోతున గుంట పడింది, తడి మట్టిలో పడ్డట్టు.

"ఇది నిండేదాకా లెక్కపెట్టండి అమ్మమ్మా. లెక్క తగ్గుతుంటే వాపు దిగుతున్నట్టు. కానీ మీరు నొక్కొద్దు, నేను వచ్చినప్పుడు నేనే చూస్తా."

నేను లెక్కపెట్టాను. నలభై అంకెకి గుంట పూడింది.

పొద్దున కొలత కోడలు తీసేది, సాయంత్రం నేను. పొద్దున పదిహేనుంపావు అంగుళాలుంటే సాయంత్రం పదిహేనుంముప్పావు. మళ్ళీ పొద్దున పదిహేనుంపావు. రాసిన కాగితం చూసి ఐసమ్మ నుదురు చిట్లించింది.

"పడుకునే ఉన్న మనిషికి సాయంత్రానికి అరంగుళం ఎందుకు పెరుగుతుంది? ఏదీ, మీరొకసారి కొలవండి."

కొలిచాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"టేపు కింద వేలెందుకు పెట్టారు?"

చూసుకుంటే నిజమే. నా చూపుడువేలు టేపుకీ పిక్కకీ మధ్యన ఉంది. నలభై ఏళ్ళ అలవాటు. వేలు పెట్టి కొలవకపోతే బట్ట బిగుతవుతుందని నాకు పని నేర్పినావిడ మొట్టికాయలు వేసి మరీ చెప్పింది.

"అమ్మ నాకు పంట్లాం కుడుతోందండీ," అన్నాడు మా వాడు. "ఒక్క కాలిదే."

ఐసమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. కోడలు నవ్వింది. నేనూ నవ్వాను. వాడు పడ్డాక ఇంట్లో అందరం కలిసి నవ్వడం అదే మొదలు. ఆ నవ్వులో పడి, వేలు తీసేసి ఎవరూ మళ్ళీ కొలవలేదు. అరంగుళం నా వేలి ఖాతాలోకి పోయింది. తర్వాతి రెండు రోజులు నేను సాయంత్రం కొలిచినప్పుడల్లా పాపం పెద్దావిడ, వేలు పెట్టేసి ఉంటుందిలే అని కోడలు అరంగుళం తీసేసి రాసింది. నేను వేలు పెట్టడం మానేశానని చెప్పినా చిన్నగా నవ్వి ఊరుకుంది.

కోడలు ఫోటోకాపీలు తీసే షాపులో పనిచేసేది. పదింటికి వెళితే ఆరింటికి వచ్చేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక వాడికి కాలు సర్ది, తలుపు గడియ పెట్టి, గడియ పడిందో లేదో రెండోసారి చూసుకుని, వాడి కాళ్ళ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. బయట వాన. గదిలో మధ్యాహ్నమే దీపం వేళలా ఉండేది. మా వారు పోయిన రెండేళ్ళలో నాకు కంటి మీద కునుకు లేదు. పడుకున్నా చెవులు మేలుకునే ఉండేవి. అలాంటిది ఆ కుర్చీలో కూర్చుంటే చాలు, నిద్ర ముంచుకొచ్చేది. అంత గాఢమైన నిద్ర చిన్నప్పుడు కూడా పోయి ఉండను. లేచేసరికి ఒళ్ళంతా తేలిగ్గా ఉండేది. కొడుకు కాలు విరిగి పడుకుంటే ఈ నిద్రేమిటని సిగ్గు కూడా వేసేది.

పదో రోజు. నిద్రలోంచి లేచి చూస్తే వాడి కాలి మీద గుంటలున్నాయి.

లోపలి వైపు వరసగా నాలుగు, బయటి వైపు ఒకటి. ఎవరో కాలిని గుప్పిట పట్టి వదిలినట్టు. లోతుగా ఉన్నాయి. నేను చూస్తుండగానే అవి పైకి తేలాయి. చిటికెనవేలిది ముందు పూడింది, తర్వాత పక్కవి, బొటనవేలిది ఆఖర్న. తర్వాత కాలు నున్నగా, మెరుస్తూ, ఏమీ ఎరగనట్టు ఉంది.

నలభై లెక్కపెడితే పూడిపోయే గుంటలవి. అంటే పట్టినవాళ్ళు వదిలి అరనిమిషం కూడా కాలేదు.

లేచి తలుపు చూశాను. గడియ పెట్టే ఉంది. వంటగదిలో ఎవరూ లేరు. స్నానాలగదిలో బకెట్టులో కుళాయి చుక్కలు పడుతున్నాయి. మంచం కిందకి వంగి చూశాను. వాడు కళ్ళు మూసుకుని ఉన్నాడు, కానీ నిద్రలో లేడు. కనుబొమలు ముడిచి ఉన్నాయి, పై పెదవి మీద చెమట.

"ఒరేయ్, ఎవరైనా వచ్చారా?"

"ఈ వానలో ఎవరొస్తారమ్మా."

"నొప్పిగా ఉందా?"

"ఉంటుందిగా. మాత్ర ఇవ్వు."

మర్నాడూ అంతే. ఈసారి గుంటలు ఎక్కువున్నాయి. మోకాలి కింద నుంచి చీలమండ దాకా, కమ్మీల సందుల్లోంచి దూరి దూరి, ఒకదాని తర్వాత ఒకటి. ఎవరో పట్టుకుంటూ, వదులుతూ, కిందికి దిగినట్టు. పైవి అప్పటికే సగం పూడాయి, పాదం మీదివి కొత్తగా ఉన్నాయి. నా వేళ్ళు ఆ గుంటల దగ్గరికి తీసుకెళ్ళి, పోల్చి చూద్దామనుకుని, ఆగిపోయాను. వేరే చెయ్యి ఇంకా అందులో ఉన్నట్టనిపించింది.

కోడలికి చెబితే "దిండు కుట్లు ఒత్తుకుని ఉంటాయి అత్తయ్యా" అంది. దిండు కింద ఉంటుంది, గుంటలు పైన పడ్డాయి. ఆ మాట అనలేదు. అంటే ఆ తర్వాత నేను నిజంగా ఏమనుకుంటున్నానో అది కూడా అనవలసి వచ్చేది.

నేననుకున్నది ఇది. రెండేళ్ళ కిందట మా వారి కాళ్ళకి కూడా ఇలాగే నీరు దిగింది. వారివి విరగలేదు, గుండె జబ్బు. అయిదు నెలలు కాళ్ళు వాచి, చివరికి ఒక మధ్యాహ్నం ఆయన వెళ్ళిపోయారు. వచ్చి తీసుకెళ్ళేవాళ్ళెవరో ముందుగా ఇలా వచ్చి పోతారేమో. కాయ పండిందో లేదో నొక్కి చూసినట్టు చూసుకుని పోతారేమో. అప్పుడు నేను చూడలేదు కాబట్టి తెలియలేదేమో. చదువుకున్నవాళ్ళు నవ్వుతారు. గడియ పెట్టిన గదిలో, వాన చప్పుడులో, ఆ గుంటలు ఒక్కొక్కటే పైకి తేలడం చూస్తే నవ్వరు.

పన్నెండో రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. సర్జన్ పాదం మీద చర్మాన్ని రెండు వేళ్ళతో దగ్గరికి తోశాడు. ముడత పడలేదు. పైగా చీలమండ పక్కన నీటి పొక్కులు రెండు లేచాయి.

"దిగాలి కదా ఇప్పటికి," అన్నాడు మా వైపు చూడకుండా. "ఎవరైనా నూనెలవీ పెట్టి మర్దన చేస్తున్నారా?"

"లేదండీ," అంది కోడలు.

"లేదండీ," అన్నాను నేను.

మా వాడు కిటికీ వైపు చూస్తున్నాడు.

"పొక్కులు ఆరాలి, వాపు దిగాలి. తొమ్మిది రోజులుంది. ఆ తర్వాత మీరు తీసుకొచ్చినా నేను చేయగలిగింది తక్కువ."

ఆటోలో వస్తుంటే వాడు ఒక పెద్ద భవనం మీది లిఫ్టు గది వైపు తలెత్తి చూశాడు. "అది నేను బిగించిందే," అన్నాడు. పెళ్ళి చూపుల్లో కూడా వాడు లిఫ్టుల గురించే మాట్లాడాడని కోడలు ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

మర్నాడు నేనొక పని చేశాను. మిషను సొరుగులో బట్ట మీద గీతలు గీసే నీలం సుద్దబిళ్ళలుంటాయి. రెండు తీసి, చాకుతో గీకి పొడి చేశాను. అన్నాలయ్యాక, గడియ పెట్టి, గుమ్మం దగ్గర ఆ పొడి పలచగా చల్లాను. వంటగది గుమ్మం దగ్గర, స్నానాలగది గుమ్మం దగ్గర కూడా చల్లాను. వచ్చినవాడు గాలిలో తేలుతూ రాడు కదా, ఎక్కడో ఒకచోట అడుగు పెట్టాలి.

"ఏం చేస్తున్నావమ్మా?" అన్నాడు వాడు.

"చీమలు," అన్నాను.

ఈరోజు నిద్రపోకూడదనుకున్నాను. చేతులు కొంగుకి తుడుచుకుని కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. గోడ గడియారం రెండుంబావు చూపిస్తోంది. వాన పెద్దదైంది. కిటికీ అద్దం మీద నీళ్ళు జారుతున్నాయి, వాటి నీడ వాడి కాలి మీద జారుతోంది. కమ్మీల వెంట పైనుంచి కిందికి, మళ్ళీ పైనుంచి కిందికి.

గడియారం మళ్ళీ చూసేసరికి మూడున్నర.

ముందు గుమ్మం చూశాను. పొడి చల్లింది చల్లినట్టే ఉంది. వంటగది గుమ్మం దగ్గరా అంతే. స్నానాలగది దగ్గర బకెట్టు తుంపరలకి కొంచెం తడిసింది, అంతే. అడుగు కాదు కదా, చీమ నడిచిన జాడ కూడా లేదు. ఎవరూ రాలేదు. ఇవాళ ఎవరూ రాలేదు అనుకుంటూ మంచం దగ్గరికి వచ్చాను.

కాలి నిండా గుంటలున్నాయి. ప్రతి గుంటలోనూ నీలం ఉంది.

నేను నా చేతులు చూసుకోలేదు. చూసుకోవలసిన అవసరం లేకపోయింది. వాడు కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నాడు.

"అమ్మా," అన్నాడు మెల్లగా. "చేతులు కడుక్కునిరా."

కడుక్కున్నాను. వేళ్ళ సందుల్లో నీలం ఎంతకీ పోలేదు. తిరిగి వచ్చేసరికి గుంటలు పూడి, కాలి మీద నీలం మచ్చలు మాత్రం మిగిలాయి. కుర్చీ మంచానికి దూరంగా జరుపుకుని కూర్చున్నాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఇంటికొచ్చిన రెండోరోజు నుంచి."

"లేపకపోయావా?"

"లేపాను మొదటిరోజు. అమ్మా, అమ్మా అని పిలిచాను. నువ్వు మేలుకునే ఉన్నావనుకున్నాను. కళ్ళు తెరిచే ఉంటాయి నీకు. నావైపే చూస్తుంటావు. కానీ నన్ను కాదు."

వాన తగ్గినట్టుంది. కింద ఎవరో గొడుగు విదిలిస్తున్న చప్పుడు.

"నేనేమైనా అంటానా?"

వాడు దుప్పటి అంచు వేలికి చుట్టుకున్నాడు, చిన్నప్పుడు నా కొంగు చుట్టుకున్నట్టు.

"ఉన్నారా, అని అడుగుతావు."

అది నేను మా వారిని అడిగిన మాట. ఆ అయిదు నెలలూ మధ్యాహ్నాలు ఆయన కాళ్ళు పడుతూ కూర్చునేదాన్ని. అలికిడి లేకుండా పడుకునేవారు. భయమేసి "ఏమండీ, ఉన్నారా?" అనేదాన్ని. "ఉన్నా" అనేవారు విసుగ్గా. మళ్ళీ కాసేపటికి "ఉన్నారా?" ఒకరోజు కాళ్ళ మీద చేతులు వేసుకునే కునుకు తీశాను. లేచి అడిగాను. రెండుసార్లు అడిగాను. చేతుల కింద కాళ్ళు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

"నువ్వేమంటావు?" అన్నాను.

"ముందు ఏమీ అనలేదు. అనకపోతే ఇంకా గట్టిగా నొక్కుతావు. ఉన్నానమ్మా అన్నాను. ఆపలేదు. తర్వాత..." ఆగాడు. "నాన్న గొంతుతో అన్నాను. ఉన్నా, అని. అప్పుడు కాసేపు ఆపావు. మళ్ళీ మొదలుపెట్టావు."

"ఇంత నొప్పి ఓర్చుకుని, చెప్పకుండా ఎందుకున్నావురా?"

"చెబితే నువ్వు ఇంక నిద్రపోవు. రెండేళ్ళైంది నువ్వు నిద్రపోయి. లేచాక నీ ముఖం ఎలా ఉంటుందో నీకు తెలీదు." కాలి వైపు చూశాడు. "నీ కోడలికి చెప్పకు. రేపట్నుంచి నేనే ఏదో ఒకటి చేస్తాలే."

వాడేం చేయగలడు. కమ్మీలు వేసిన కాలు, పక్కకి తిరగడానికే మనిషి సాయం కావాలి.

కోడలు రాగానే, చెప్పులు విప్పుతుండగానే వంటగదిలోకి పిలిచి చెప్పేశాను. చేతులు చూపించాను. ఆమె తడి గొడుగు పట్టుకుని విన్నది. గొడుగు నుంచి నీళ్ళు కారి వంటగది గుమ్మం దగ్గరి సుద్దపొడిలోకి పాకి, నీలంగా చిన్న కాలవ కట్టాయి. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆయన చెప్పొద్దన్నాడా?"

"అన్నాడు."

"అంటాడు," అంది. గొడుగు మూలకి ఆనించింది. "రేపట్నుంచి మధ్యాహ్నం అన్నాలయ్యాక మీరు నా షాపుకి వచ్చేయండి అత్తయ్యా."

"వాడొక్కడే?"

"ఒక్కడే. నీళ్ళ సీసా, ఫోను, మాత్రలు పక్కన పెడతాను."

"ఏమైనా అయితే?"

కోడలు ఒక పాతగుడ్డ తీసుకుని ఆ నీలం నీళ్ళు తుడిచింది. వాడికి ఏదైనా అయ్యేది నేనుంటేనే. ఆ మాట ఆమె అనకుండా మింగిందని నాకు తెలుసు. ఆమె మింగిందని నాకు తెలిసినట్టు ఆమెకీ తెలుసు.

మర్నాడు గుమ్మంలో నిలబడి చాలాసేపు చెప్పులు వేసుకున్నాను. నా జీవితంలో గుమ్మం దాటి వెళ్ళినవాళ్ళే తప్ప, నేను దాటి వెళ్ళింది తక్కువ. ఉన్న చోటు నుంచి కదిలితే, వచ్చేసరికి మనుషులు ఉండరని నాకొక నమ్మకం.

"వెళ్ళిరా అమ్మా," అన్నాడు వాడు మంచం మీంచి. "నేనెక్కడికీ పారిపోను. నట్లు బోల్టులు వేసి బిగించారుగా."

షాపు ఇరుకు గది. రెండు మిషన్లు, ఒక కౌంటరు. కౌంటరు వెనక కోడలు నిలబడి పనిచేస్తుంది, ఆమె వెనక ఒక చిన్న ముక్కాలిపీట మీద నేను. మూత కింద ఆకుపచ్చ వెలుగు అటునుంచి ఇటు, ఇటునుంచి అటు నడుస్తుంటే చూస్తూ కూర్చునేదాన్ని. అవే కాగితాలు, అవే మనుషుల ముఖాలు, ఒక్కొక్కటి రెండై, నాలుగై బయటికి వచ్చేవి. వెచ్చగా ఉండేవి. అవి పేర్చి ఇవ్వడం నా పని. ఇక్కడ నిద్రపోకూడదని ఒట్టు పెట్టుకున్నాను. నిద్రపోలేదు. మధ్యాహ్నాలు బరువుగా, మబ్బుగా గడిచేవి కానీ, నిద్రపోలేదు. సాయంత్రం ఇద్దరం కలిసి మెట్లెక్కి వచ్చేవాళ్ళం. తాళం తీసి లోపలికి అడుగుపెట్టే ముందు ప్రతిరోజూ ఒక క్షణం గుమ్మంలో ఆగేదాన్ని.

"వచ్చావా," అనేవాడు వాడు.

మొదటి సాయంత్రం పదిహేనుంపావు. పొద్దున ఉన్నంతే. రెండోరోజు పదిహేను. తర్వాత పధ్నాలుగుంముప్పావు, పధ్నాలుగున్నర. పొక్కులు ఆరి, చెక్కు కట్టాయి. ఐసమ్మ వచ్చి నొక్కితే గుంట పన్నెండు అంకెకే పూడింది. "ఏం మంత్రం వేశారు అమ్మమ్మా?" అంది. నేను టీ పెట్టే నెపంతో లోపలికి వెళ్ళాను.

పంతొమ్మిదో రోజు పొద్దున కోడలు వాడి పాదం మీద చర్మాన్ని దగ్గరికి తోసింది. అలాగే ఉండిపోయింది. తర్వాత నన్ను పిలిచింది. కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాను. సన్నగా, నీటి మీద గాలి ఆడినప్పుడు పడేలాంటి గీతలు, అయిదో ఆరో. మేం ముగ్గురం వాటినే చూస్తున్నాం, ఊపిరి వదిలితే చెరిగిపోతాయన్నట్టు.

"ఫోన్ చెయ్యవే," అన్నాడు వాడు కోడలితో. అంతే.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి వాడిని లోపలికి తీసుకెళ్ళారు. రెండు తలుపులు, వాటికి గుండ్రటి అద్దాలు. స్ట్రెచర్ దాటగానే తలుపులు కాసేపు అటూ ఇటూ ఊగి ఆగిపోయాయి. వరండాలో బల్ల మీద కోడలూ నేనూ కూర్చున్నాం. పది, పదకొండు, పన్నెండు. నాకు ఒక్క మాట చెప్పుకోవాలనిపించింది. ఈ వారం రోజులూ నేను చేసిన ఒకే ఒక మంచిపని అది.

"షాపులో నేను ఒక్కరోజు కూడా కన్ను మూయలేదు చూశావా," అన్నాను.

కోడలు తలుపుల వైపే చూస్తోంది. "మొదట్లో కళ్ళు మూయలేదు," అంది. "కానీ రోజూ నిద్రపోయారు అత్తయ్యా."

వరండాలో ఎవరో చక్రాల కుర్చీ తోసుకుంటూ పోయారు. ఆ చప్పుడు చివరిదాకా వెళ్ళి మలుపు తిరిగింది.

"ఎవరిని పట్టుకున్నాను?" అన్నాను.

"నన్నే. నా వెనకేగా కూర్చుంటారు. నా కాళ్ళు పట్టుకునేవారు. పొద్దంతా నిలబడేదాన్ని, నావీ వాస్తాయి. హాయిగానే ఉండేది." కొంచెం నవ్వింది. "కౌంటరు కింద జరిగేది కస్టమర్లకి కనపడదుగా. ఒకాయన నా ముఖం చూసి, ఏంటమ్మా, రోజూ జీతం పెరుగుతున్నట్టు వెలిగిపోతున్నావు అన్నాడు."

"అడిగానా?"

"అడిగారు. మొదటి రెండు రోజులు నేనేం అనలేదు. నొక్కుతూనే ఉన్నారు. ఆయన అన్నట్టు ఉన్నా అనడం నాకు చేతకాలేదు."

"మూడోరోజు?"

ఆమె నావైపు తిరిగింది. మా అబ్బాయిని చేసుకుని ఈ ఇంటికి వచ్చిన ఎనిమిదేళ్ళలో కోడలి ముఖం అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు.

"లేరు అత్తయ్యా, అన్నాను. రెండేళ్ళైంది, లేరు, అని మెల్లగా చెప్పాను. మీరు విన్నారు. కాసేపు అలాగే పట్టుకుని ఉండి, చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. తర్వాత కళ్ళు మూసుకున్నారు. ఆ తర్వాత మళ్ళీ ఏరోజూ నా కాళ్ళు పట్టలేదు."

"ఆ తర్వాత రోజుల్లో?"

"మామూలుగా నిద్రపోయారు. గురక కూడా పెట్టారు."

పన్నెండుంబావుకి గుండ్రటి అద్దంలో ఒక ముఖం కనపడింది. తలుపు తెరుచుకుంది. ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న నర్సు మా ఇద్దరినీ చూసింది. "బాగా జరిగింది. మెలకువ వస్తోంది. ఒక్కరే రండి, ఎవరొస్తారు?"

లేవబోయాను. నా కాళ్ళు వాటంతటవే లేచాయి. తలుపు వెనక వాడు పడుకుని ఉన్నాడు, ఇంకా పూర్తిగా ఈ లోకంలోకి రాకుండా. దగ్గరికి వెళ్ళి, చెయ్యి వేసి, అడగాలి.

కూర్చున్నాను.

"నువ్వెళ్ళమ్మా," అన్నాను కోడలితో.

ఆమె వెళ్ళింది. తలుపులు ఆమె వెనక ఊగి, ఊగి, ఆగాయి. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని, గోడకి తల ఆనించి, కళ్ళు మూసుకున్నాను.